ఎదురు నూగు మఖమల్ రవిక

ధర్మవరంలో ఏప్రిల్ నెలలో మఖమల్ రవిక కుట్టాలనుకునే మనిషికి ముందు బుద్ధి ఉండకూడదు, తర్వాత కుట్టుమిషను ఉండాలి. సునందకు రెండూ సమకూరాయి. బయట ఎండ నలభై ఒక్క డిగ్రీలు కాస్తోంది. సందులో కుక్కలు కొళాయి దగ్గర తడినేల కోసం కొట్లాడుకుంటున్నాయి. ఆమె మాత్రం ఫ్యాను కింద కూర్చుని మీటరున్నర నేరేడుపండు రంగు మఖమల్‌ను ఒళ్ళో పరుచుకుని, తనకే పెళ్ళి కుదిరినట్టు మురిసిపోతోంది.

ఆ మురిపానికి కారణం లేకపోలేదు. సునంద ఇరవై రెండేళ్ళుగా ఆ ఇంటి ముందు గదిలో రవికలు కుడుతోంది. గుత్తి నుంచి, కదిరి నుంచి పెళ్ళికూతుళ్ళు పట్టుచీరలు కొనుక్కోవడానికి వచ్చి, రవిక ఆమెకే ఇచ్చి వెళ్తారు. గుమ్మం మీద బోర్డుంది, దాని మీద పేరుంది, పేరు కింద ‘డిజైనర్’ అనే మాట కూడా ఉంది. కానీ ఆ బోర్డు కింద నుంచే రోజుకు పదిసార్లు అటూ ఇటూ నడిచే అత్త హనుమంతమ్మ ఒంటి మీద మాత్రం సునంద కుట్టిన రవిక లేదు. ఆమె రవికలన్నీ నాలుగు సందుల అవతలున్న అంజినప్ప కుట్టేవాడు. ఎవరైనా అడిగితే, మా అత్తకు పాతకాలం కుట్టే నచ్చుతుంది అని సునంద నవ్వేసేది. నవ్వి లోపలికి వెళ్ళి మిషను చక్రాన్ని కాస్త గట్టిగా తిప్పేది.

అసలు ఎప్పుడూ కుట్టలేదని కాదు. కొత్త కోడలిగా వచ్చిన ఏడాది ఒకటి కుట్టింది. ఆ కథ పక్కింటి నల్లమ్మ దగ్గర్నుంచి గిరాకీలందరికీ తెలుసు, ఎందుకంటే చెప్పింది సునందే. చంక దగ్గర పట్టినట్టుందని అత్త అంటే, తను టేపు తీసి ముందు రవికను కొలిచి, తర్వాత అత్తను కొలిచి, దారం వాసి తేడా లేదని అందరి ముందూ చూపించిందట. అత్త మారుమాట్లాడకుండా ఒప్పుకుందట. తన కొలత ఎంత కచ్చితమో చెప్పడానికి సునందకు ఇంతకన్నా మంచి కథ దొరకలేదు. ఆ రవికను అత్త మళ్ళీ ఎందుకు వేసుకోలేదన్నది మాత్రం ఆమెకు అంతుపట్టలేదు.

ఈ ఏడు శివరాత్రికి అంజినప్ప కళ్ళలో పొరలు ముదిరి అంగడి మూసేశాడు. పెద్దాయనకు అలా జరిగినందుకు సునంద బాధపడింది. అందులో సంతోషం పాలు ఎంతో ఆమె కొలుచుకోలేదు. ఉగాది వెళ్ళాక ఒకరోజు హనుమంతమ్మ ట్రంకుపెట్టె అడుగు నుంచి తన పెళ్ళి ఫొటో తీసింది. డెబ్బై ఏడో సంవత్సరం నాటి నలుపు తెలుపు ఫొటో. మెడ మూసిన మఖమల్ రవిక, మోచేతి దాకా బుట్ట చేతులు, అంచులకు జరీ పట్టీ. బళ్ళారి నుంచి గుడ్డ తెచ్చి వాళ్ళ నాయన కుట్టించినది.

"ఎలకలు కొట్టేసినాయి దీన్ని. ఇట్లాంటి రైక ఇంగొక్కసారి ఏసుకోని చౌడమ్మ గుడికాడ జ్యోతుల జాతరకు పోవాలని ఉండాది నాకు" అంది ఫొటో వైపే చూస్తూ.

నువ్వు కుట్టు అని ఆమె అనలేదు. సునంద అన్నట్టే విన్నది. అన్నం పళ్ళెం అలాగే వదిలేసి ఫొటో చేతిలోంచి లాక్కున్నంత పని చేసింది. ఫొటోలో రవిక ఎడమ చెయ్యి కుడి చెయ్యి కన్నా కాస్త వెలిసినట్టుంటే, ఆ రోజుల్లో స్టూడియోవాళ్ళకు దీపం ఎక్కడ పెట్టాలో కూడా తెలిసేది కాదని భర్త మార్కండేయతో ఎగతాళిగా అంది. ఎగతాళి చేసే ముందు కాస్త ఆలోచించి ఉంటే ఈ కథ ఇక్కడే ముగిసేది.

మార్కండేయ బెంగళూరు అంగళ్ళకు చీరలు వేసి వస్తూ గుడ్డ తెచ్చాడు. పుట్టిన దగ్గర్నుంచి మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకు కూర్చున్న మనిషి. గుడ్డను వెలుతురులో అటు తిప్పితే ముదురుగా, ఇటు తిప్పితే లేతగా కనిపించింది. అతను గొంతు సవరించుకుని, పడుగు ఒక రంగు, పేక ఒక రంగు, ఇది డబల్ షేడు అని తేల్చేశాడు. సునంద కూడా తలూపింది. రోజూ పది డబల్ షేడు పట్టు ముక్కలు కోసే చెయ్యి ఆమెది. ఆ పట్టును తలకిందులు చేసినా రంగు మారదు. కాబట్టి గుడ్డ ఆదా అయ్యేలా ఒక చెయ్యి తల పైకి, ఒక చెయ్యి తల కిందికి పెట్టి చకచకా కోసేసింది. మఖమల్‌కు నూగుంటుందనీ, అది ఒక దిక్కుకే పడుకుంటుందనీ, తిరగేస్తే రంగు మారి కనిపిస్తుందనీ మగ్గం మీద పెరిగిన ఆ నేతకారుడికి గానీ ఒక డిజైనర్‌కు గానీ తట్టలేదు.

మూడు రోజులు కుట్టింది. బుట్ట చేతుల కుచ్చులు లెక్కపెట్టి మరీ వేసింది. జరీ పట్టీ చేత్తో కుట్టింది. నాలుగో రోజు పొద్దున రవికను బయట దండెం మీద వేసి రెండడుగులు వెనక్కి వచ్చి చూసుకుంది. కుడి చెయ్యి నిగనిగలాడే నేరేడుపండు. ఎడమ చెయ్యి ఉడకబెట్టిన బీట్రూటు.

ముందు ఎండను తిట్టుకుంది. నీడలోకి తెచ్చినా అలాగే ఉంది. తర్వాత బెంగళూరు అంగడివాణ్ణి తిట్టుకుంది. ఆ పైన డబల్ షేడు అన్న మొగుణ్ణి, వినపడేలాగే తిట్టింది. తిట్టడానికి ఇంకెవరూ మిగలకపోయేసరికి రవిక ఎడమ చెయ్యి తడిమి చూసి, దాని నూగు పై దిక్కుకు పడుకుందని కనిపెట్టి, ఇస్త్రీపెట్టె తీసింది. నూగును రెండో వైపుకు అణగదొక్కితే సరిపోతుందని ఆమె లెక్క. పట్టు మీద పెట్టినట్టే బాగా వేడి చేసి గట్టిగా ఒత్తింది. ఎత్తి చూస్తే బీట్రూటు మీద ఇస్త్రీపెట్టె మూతి అచ్చుగుద్దినట్టు మెరుస్తోంది. మిగిలిన గుడ్డ చూస్తే జేబు కుట్టడానికి కూడా చాలదు. జ్యోతులకు ఇంకా నాలుగు రోజులే ఉంది. సునంద ఆ రవికను ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఏడ్చింది. అత్త ఈసారి వేసుకోకపోతే ఇంకెప్పటికీ వేసుకోదని ఆమెకు తెలుసు.

ధర్మవరంలో మఖమల్ సంగతి తెలిసిన మనిషి ఒక్కడే. రవికను చీర ముక్కలో చుట్టి, దాన్ని సంచిలో దాచి, నల్లమ్మ గుమ్మంలో లేని సమయం చూసుకుని, ఇరవై రెండేళ్ళుగా తన బోర్డుకు మచ్చగా నిలిచిన ఆ మనిషి ఇంటికి వెళ్ళింది.

అంజినప్ప అరుగు మీద మంచం వాల్చుకుని ఉన్నాడు. గొంతు విని పోల్చాడు. ఆమె సంచిలోంచి రవిక తీసి ఆయన చేతికిచ్చింది. ఆయన కళ్ళు మూసుకునే రవిక తడిమాడు. కుడి చేతి మీద పై నుంచి కిందికి వేళ్ళు జార్చాడు. ఎడమ చేతి మీద జారిస్తే వేళ్ళకు అడ్డం తగిలింది. ఆ పెదాల మీదికి నవ్వు రావడం చూసి సునందకు భూమిలోకి దిగిపోవాలనిపించింది.

"ఎదురు నూగు పడినాది సునందమ్మా. మ్యాకను తోకకాడ నుంచి నిమిరినట్ల" అన్నాడు. "ఇస్త్రీ గూడా పెట్టినట్లుండావే. సంగటికి ఎసరు మరుగుతాంటాది చూడు, ఆ ఆవిరికి పట్టు, మచ్చ పోతాది. చెయ్యి మాత్రం అంతే. అదింగ మారేది కాదు."

ఆమె అప్పుడు అడిగింది, అత్తకు ఈ మాట ఎలా చెప్పాలని. అంజినప్ప రవికను మడిచి ఆమె చేతిలో పెట్టాడు.

"ఆయమ్మ పెండ్లి రైక నేనే కుట్టినా. నాకు అప్పుడు ఇరవై రెండేండ్లు. మఖమల్ ముట్టడం అదే మొదులు. నేనూ ఒక చెయ్యి ఇట్లనే తిరగేసి కుట్టినా. పెండ్లి తెల్లారితే ఉండాది. ఎత్తుకోని పోయి, తప్పు నాదేనమ్మా అని చెప్పినా. ఆయమ్మ చూసి, పడీ పడీ నవ్వి, అదే ఏసుకోని పీటల మీద కూసున్నాది. ఆ పొద్దు నుంచి, నువ్వు కుట్టిన ఆ ఒక్కటి తప్ప, ఇంగొకరికి కుట్టను ఇయ్యలేదు."

ఇంటికి నడుస్తుంటే సునందకు ఫొటోలో వెలిసిన చెయ్యి కళ్ళ ముందు కనిపించింది. స్టూడియోవాడి ఆత్మకు మనసులోనే క్షమాపణ చెప్పుకుంది. రెండో సందు మలుపు తిరిగాక ఇంకోటి కూడా గుర్తొచ్చింది. అందరి ముందూ చేతులు ఎత్తి నిలబడిన అత్త, ఆమె చంక చుట్టూ టేపు బిగించి అంకెలు చదువుతున్న తను. ఆ కథను ఇన్నేళ్ళూ గెలిచిన కథగా ఊరంతా చెప్పుకుంది. ఎండ వల్ల అనుకుందామంటే వీలు లేనంతగా ముఖం మండింది.

ఆ సాయంత్రం సంగటి ఎసరు ఆవిరికి ఇస్త్రీ మచ్చ పోయింది. సునంద రవికను తీసుకెళ్ళి అత్త ముందు పెట్టి, దారిలో కట్టుకున్న మాటలన్నీ మరిచిపోయి, "ఒక చెయ్యి తిరగేసి కోసినా అత్తా. తప్పు నాదే" అంది.

హనుమంతమ్మ రవికను దీపం దగ్గరికి తీసుకెళ్ళి ఒక చెయ్యి చూసింది, ఇంకో చెయ్యి చూసింది. భుజాలు కదలడం మొదలైంది. ఏడుస్తోందేమోనని సునంద భయపడింది. ఆమె నవ్వుతోంది. కళ్ళు తుడుచుకుని లోపలికి వెళ్ళి రవిక తొడుక్కుని వచ్చింది. ఒక చెయ్యి పైకెత్తి, దించి, కాసేపు తటపటాయించింది.

"చంక కాడ రవ్వంత పట్టినట్లుండాది" అంది మెల్లగా.

సునంద చెయ్యి తనకు తెలియకుండానే మెడలోని టేపు మీదికి పోయింది. మూడుసార్లు కొలిచిన చంక అది. పట్టే అవకాశమే లేదు. ఆమె టేపు మెడలోంచి తీసి సొరుగులో వేసి, సొరుగు మూసింది.

"ఇప్పు అత్తా, వదులు చేసిస్తా" అంది.

అర అంగుళం వదిలింది. ఇరవై రెండేళ్ళలో ఆమె విప్పిన మొదటి కుట్టు అదేనని చెప్పుకోవచ్చు, కానీ పెళ్ళికూతుళ్ళ రవికల్లో దొంగచాటుగా విప్పినవి ఎన్నో ఆమెకే లెక్క తెలియదు.

జ్యోతుల రోజు గుడి ముందు జనం, డప్పులు, ఎండ. ఆ ఊరి మొత్తంలో మఖమల్ తొడుక్కున్నది హనుమంతమ్మ ఒక్కతే. చెమటకు వీపు నల్లగా తడిసిపోయినా రవిక కనిపించేలా పైట దించి మరీ నిలబడింది. నల్లమ్మ దగ్గరికొచ్చి బుట్ట చేతులు పట్టుకు చూసి, అంజినప్ప కళ్ళు పోయినాక ఇది ఎవరు కుట్టినారని అడిగింది. నాలుగైదుగురు ఆడవాళ్ళు మూగారు. సునంద అత్త వెనకే నిలబడి ఉంది.

హనుమంతమ్మ రెండు చేతులూ ఎండలోకి చాపింది.

"మా కోడలు కుట్టినాది" అంది డప్పుల మీదికి వినిపించేలా. "చూడండి, ఒక చెయ్యి తిరగేసి కుట్టినాది."

ఆ మొదటి మాట కోసమే సునంద ఇరవై రెండేళ్ళు ఎదురుచూసింది. రెండో మాట లేకుండా వినాలనుకుంది, అంతే. ఆడవాళ్ళందరూ చేతుల్ని చూసి, ఆమె ముఖం చూసి, నవ్వడం మొదలుపెట్టారు. నల్లమ్మ నిజమేనా అన్నట్టు కళ్ళెగరేసింది.

"ఔనక్కా, నేనే కుట్టినా" అంది సునంద, అత్త పైటకొంగుతో ఆమె మెడ మీది చెమట తుడుస్తూ.