ఆలస్యంగా వచ్చిందట

బట్టల కార్ఖానాలో కాజాలు కుట్టే ఆ చెల్లెల్ని అందరూ వాగుడుకాయ అనేవారు. మిషన్ల రొదలో కూడా ఆమె గొంతే వినబడేది. తొలి కాన్పు. తెల్లవారకముందే నొప్పులు మొదలైతే, అక్కా, చెల్లెలి మొగుడైన మరిదీ వెంటనే ఊళ్ళోని ఆసుపత్రిలో చేర్చారు.

మధ్యాహ్నానికి ఆడపిల్ల పుట్టింది.

"ముక్కు చూడక్కా, అచ్చం మా ఆయనదే. పాపం, దీని ఖర్మ!"

అక్క నవ్వుతూ పసిదాన్ని గుడ్డలో చుట్టింది. కాసేపటికి మంచం మీద మాట ఆగిపోయింది.

"ఏమే, అలిసిపోయావా?"

"చలేస్తోందక్కా."

అక్క దుప్పటి కప్పబోయింది. పరుపంతా రక్తం.

నర్సు పరుగున వచ్చి పొత్తికడుపు నొక్కుతూ, ఆయాను మందుల గదికి పంపింది. ఆయా వట్టి చేతులతో తిరిగొచ్చింది. రక్తం ఆపే ఇంజెక్షన్ అయిపోయి చాలా రోజులైంది.

"పైవాళ్ళకి చెప్పి చెప్పి నా నోరు పడిపోయింది," అంది నర్సు, చేతులు తీయకుండానే. "పట్నంలో పెద్దాసుపత్రికి తీసుకెళ్ళండి. త్వరగా!"

అంబులెన్సు మరమ్మతుకని షెడ్డులో ఉంది. మరిది రోడ్డుకి అడ్డంపడి కూరగాయల వ్యాను ఒకటి ఆపాడు. పసిదాన్ని ఆయాకి అప్పగించి బయల్దేరారు. అక్క ఒడిలో తల పెట్టుకున్న చెల్లెలు "పిల్లకి పాలు..." అంది. ఆ తర్వాత ఏమీ అనలేదు. పెద్దాసుపత్రి గేటు కనబడుతూండగానే ప్రాణం పోయింది.

అక్క ఊరుకోలేదు. కాళ్ళరిగేలా తిరిగి, చివరికి పెద్ద అధికారిని కలిసింది.

"కాన్పుల్లో ఇలాంటివి మామూలేనమ్మా. ఆమె రాత."

"రాత కాదండీ. మందు లేదు, బండి లేదు. బతికించండని అడిగే హక్కు కూడా మాకు లేదా?"

"విచారణ జరిపిస్తాం."

జరిపించారు. రోగిని ఆలస్యంగా తీసుకొచ్చారని తేల్చారు.

"పొద్దు పొడవకముందే వెళ్ళాం కదయ్యా! ఎత్తుకుని లోపలికి తీసుకెళ్ళింది నువ్వే కదా? రా, వెళ్ళి చెబుదాం," అంది మరిదితో.

అతను తలెత్తలేదు. "ఎవరు వింటారు వదినా? నా వల్ల కాదు."

ఆమె ఒక్కతే వెళ్ళింది. ఆ ఫైలు మూసేశామని గుమ్మంలోనే చెప్పి పంపేశారు.

ఇంటికొచ్చేసరికి, ఏడో నెల కడుపుతో ఉన్న ఆమె కూతురు పాపను భుజాన వేసుకుని జోకొడుతోంది.

"ఏమన్నారమ్మా?"

ఆమె పాపను అందుకుని, కూతురి కడుపు వంక చూసింది. ఆ ఊరంతటికీ కాన్పులకు ఉన్నది ఆ ఆసుపత్రి ఒక్కటే.