మేకుకు కట్టిన నాచు

ప్లాస్టిక్ పట్టకారుతో నాచులోని ఎండుటాకులు ఏరుతున్న నాచమ్మ చేతులు ఆగిపోయాయి. పరీక్షలు చేసే మేడమ్ గుమ్మంలో నిలబడి ఉంది.

నాచమ్మ అన్నది ప్రయోగశాల పెట్టిన పేరు. దూరపు కొండల మీది నాచును కడిగి, ఆరబెట్టి, నైలాన్ వల సంచుల్లో నింపి, సీసం కోసం పాత బ్యాటరీలు కరిగించే షెడ్డు చుట్టూ స్తంభాలకు కట్టడం ఆమె పని. నాచుకు వేళ్ళుండవు, గాలి ఏది పెడితే అదే తింటుంది. సీసం పెడితే సీసం. కొన్నాళ్ళకు సంచులు విప్పి తెస్తే, అది ఏం తిన్నదో యంత్రం చెబుతుంది.

ఈసారి ఆమె ఒక సంచిని ఎవరికీ చెప్పకుండా ఇంట్లో కట్టి, మిగతావాటిలో కలిపి తెచ్చింది. భర్త పని ఆ షెడ్డులోనే. మనవరాలు కడుపునొప్పితో ముడుచుకుపోతోంది. నేర్చిన మాటలు ఒక్కొక్కటే మరచిపోతోంది.

"నంబరు లేని సంచి ఎక్కడిది నాచమ్మా?"

ఆమె పట్టకారు కింద పెట్టింది. "మా ఇంట్లోదమ్మా."

"షెడ్డు గోడ పక్కన కట్టినదానికన్నా ఎక్కువుంది సీసం! కిటికీకి కట్టావా?"

"వానొస్తుందని లోపల మేకుకు కట్టానమ్మా. మా ఆయన చొక్కా పక్కన."

మేడమ్ ఊపిరి వదిలింది. "ఎంత పని చేశావ్! చొక్కా దుమ్మంతా దానికే అంటింది. అది గాలి లెక్క కాదు, వదిలెయ్."

వదిలెయ్యమన్న మాట దారి పొడవునా ఆమె వెంట నడిచింది. తప్పుచోట కట్టిన సంచి అబద్ధం చెప్పదు; మనం అడగని ప్రశ్నకు జవాబు చెబుతుంది, అంతే. తాత పనికి వెళితే, ఆయన విడిచిన చొక్కా అంచు నోట్లో పెట్టుకుని ఆ మేకు కిందే జోగుతుంది పిల్ల. బెంగ తీరుతుందని దాన్ని ఉతకకుండా ఉంచినది తనే.

సాయంత్రం భర్త గుమ్మంలో చెప్పులు విడుస్తుంటే ఆమె పిల్లను ఒడిసిపట్టుకుంది.

"రాకయ్యా. అక్కడే ఆగు."

"ఏమిటే, పొద్దున వెళ్ళిన మొగుణ్ణి సాయంత్రానికే గుర్తుపట్టలేదా?"

ఆమె చెప్పింది. ఆయన నవ్వు ఆరిపోయింది. అరచేతులు చూసుకున్నాడు. గీతల నిండా బూడిద.

"తాతా" అంది పిల్ల. ఆ ఒక్క మాట ఇంకా మరచిపోలేదు. ఆయన ముందుకు వేసిన అడుగు వెనక్కి తీసుకున్నాడు.

"ఆ పని మానెయ్యి" అంది ఆమె.

"మానితే దాని మందులకెలా? నయమయ్యేదాకా షెడ్డు దగ్గరే పడుకుంటాలే. రేపే దానికి రక్తపరీక్ష చేయించు. ఆ చొక్కా ఇటు విసురు."

చొక్కాను చుట్టి చంకన పెట్టుకున్నాడు. వెళ్ళొస్తానని అనలేదు. ఆ సంగతి ఆమెకు వీధి మలుపులో ఆయన కనుమరుగయ్యాక తట్టింది. మేకు కింది గోడ తుడుద్దామని తడిగుడ్డ తెచ్చింది గాని, ముట్టుకుంటే ఎంత దుమ్ము లేస్తుందోనని చెయ్యి రాలేదు.

సున్నపు గోడ మీద చొక్కా ఆకారంలో బూడిద మరక. పైన ఖాళీ మేకుకు, సంచి కట్టిన నైలాన్ దారం ముడి.