గాలిమాటల తుపాకీ

హేమసుందర్ జూనియర్ కాలేజీలో తెలుగు పాఠం మొదలుపెడితే పక్క గదిలో ఫిజిక్సు ఆగిపోయేది. అక్కడ ధ్వని గురించి చెబుతున్న ఆయనకి అసలు ధ్వనే గోడ దాటి వచ్చి మీద పడేది మరి. గొంతు అంత పెద్దది. ఇక మాట కనబడితే ఊరుకునే మనిషి కాదు, దాన్ని విరిచి, తిరగేసి, మరో చోట అతికిస్తే గాని నిద్రపట్టదు. ఇంట్లో భార్య రోజారమణి "చారు పొయ్యనా?" అంటే "పొయ్యి, చారుశీలా!" అనేవాడు. ఆవిడ మొదట్లో నవ్వేది. తర్వాత్తర్వాత గరిటె చూపించేది.

యాభై దాటాక ఏదైనా ఆట ఆడమని డాక్టరు చెప్పాడు. పరిగెత్తక్కర్లేని ఆట ఏదా అని వెతికి, నిలబడిన చోటనే నిలబడి ఆడే తుపాకీ ఆట మీద గురిపెట్టాడు హేమసుందర్. బలిఘట్టం వెళ్లే దారిలో మూతబడిన కోళ్లఫారం షెడ్డే రైఫిల్ క్లబ్బు. కోళ్లు పోయి చాలాకాలమైనా వాటి వాసన మాత్రం సభ్యత్వం వదులుకోలేదు.

"జిల్లా పోటీలకి పేరు పంపాలి మేష్టారూ, ఒక్కదాన్లోనే," అన్నాడు క్లబ్బు సెక్రటరీ జగదీశ్వరరావు. "గాలి తుపాకీయా, రిమ్‌ఫైరా? బేగి తేల్చండి."

"రిమ్‌ఫైరో, రిమ్మతెగులో, ముందు తేడా చెప్పవయ్యా!"

"గాలి తుపాకీ అంటే ఈ షెడ్డులోనే, పది మీటర్లు. పొగ లేదు, తన్నదు, లైసెన్సు గొడవ లేదు. రిమ్‌ఫైరంటే మందుగుండు. పాయింట్ టూ టూ. బయట మట్టికట్ట కేసి యాభై మీటర్లు. అది క్లబ్బు తుపాకీ, మేం పక్కనుంటేనే పేల్చాలి."

"టూ టూ అంటే తూటా అన్నమాట. పేరులోనే పేలుతోందే!" అని తన మాటకి తనే షెడ్డు అదిరేలా నవ్వాడు హేమసుందర్.

కాని రిమ్‌ఫైరు పేలిన ప్రతిసారీ ఆయన కళ్లు మూసుకుపోయాయి. తూటా మట్టిలో, పరువు గంగలో. జగదీశ్వరరావు జాలిపడి, ఇనప బీరువాలోంచి ఒక పాత గాలి తుపాకీ తీశాడు. గొట్టం కింద గాలి దాచుకునే సిలిండరు, దాని కొసన గాలి ఎంతుందో చూపించే చిన్న ముల్లు.

"ఎస్. రాయవరం దేవుళ్లుగారిదండీ. మిలిటరీలో చేసొచ్చిన మనిషి. పాపం, మాట పడిపోయి ఆట మానేశాడు. ఇక్కడ పడేసి పోయాడు."

"మనిషి ఒక్కడే, పేరు బహువచనమా!"

"ఇందులో గాలి నిండా ఉన్నట్టుంది. పంపు కొట్టక్కర్లేదు. ఊపిరి నిండా తీసుకోండి. సగం వదలండి. మిగతా సగం బిగబట్టి నొక్కండి."

హేమసుందర్ నొక్కాడు. తుప్. అట్టముక్క నడిబొడ్డున చిల్లు. మళ్లీ తుప్. ఆ చిల్లులోంచే. అంతవరకు జీవితంలో దేనికీ సరిగ్గా గురి కుదరని మనిషికి ఈ తుపాకీ మీద గురి కుదిరిపోయింది.

ఒక్కటే చిన్న సంగతి. బిగబట్టిన ఆ రెండో సగం ఊపిరిని వదలబోతే, లేదు. జేబులో వేసుకున్న తాళంచెవి జేబులో లేనట్టు. తడుముకుని, కొత్త ఊపిరి తీసుకున్నాడు. ఇంకో సంగతి, పేల్చినకొద్దీ తగ్గాల్సిన ముల్లు కాస్త పైకి జరిగింది. "షెడ్డు వేడికండీ," అన్నాడు జగదీశ్వరరావు.

ఆ వారంలోనే హేమసుందర్ వాక్యాలు కురచబడ్డాయి.

మాట్లాడటం బాగానే మొదలయ్యేది, చివరికొచ్చేసరికి ఊపిరి అందేది కాదు. ఊపిరిలో రెండో సగం పోతే ఇంకో భాషవాడికి ఏం పోతుందో గాని తెలుగువాడికి పోయేది క్రియ. "రమణీ, నేనివాళ క్లబ్బుకి..." అని ఆగిపోయేవాడు. వెళ్తాడో, మానేస్తాడో, అసలు క్లబ్బుకే నిప్పు పెడతాడో తెలియక ఆవిడ గరిటె పట్టుకుని నిలబడేది. "పిల్లలూ, రాముడు రావణుణ్ణి..." అని క్లాసులో గుడ్లప్పగించి నిలబడితే, వెనక బెంచీవాడెవడో "ఏటి సేసినాడు సార్?" అని అరిచాడు. అందరూ నవ్వారు. హేమసుందర్ కూడా నవ్వబోయాడు. ఆ నవ్వుకీ రెండో సగం రాలేదు.

శ్లేష ఎప్పుడూ వాక్యం కొసనే పేలుతుంది. కొస పోయింది, శ్లేష తడిసిన టపాసు అయింది. డాక్టరు ఊపిరితిత్తులు చూసి గుర్రానికున్నట్టున్నాయన్నాడు. ఎదురింటి జోగులమ్మ ఆయన్ని చూసి, "మేష్టారికి గాలి సోకిందమ్మా, ఎవరిసేతైనా తీయించు," అంది. ఒకప్పుడైతే ఆ ఒక్క 'గాలి' మీద హేమసుందర్ ఊరంతా పందిరి వేసేవాడు. ఇప్పుడు "గాలి..." అని, ఊరుకున్నాడు.

షెడ్డులో మాత్రం పదికి పది. పదికి కొదవ లేదు, పదానికే కొదవ.

ఒక మధ్యాహ్నం క్లబ్బులో ఎవరూ లేరు. రేకుల మీద ఎండ టకటకలాడుతోంది. హేమసుందర్ ఊపిరి తీసుకుని, సగం వదిలి, సగం బిగబట్టి నొక్కాడు. తుప్. ఆ వెంటనే గొట్టం మూతిలోంచి చాలా సన్నగా, చాలా స్పష్టంగా వచ్చింది.

"వెళ్తాను."

తన గొంతే.

వెనక్కి చూశాడు. ఖాళీ షెడ్డు, కోళ్ల వాసన. ఇంకొకటి పేల్చాడు.

"చంపాడు."

క్లాసులో రాముడికి అందని క్రియ అది. అక్కడితో తుపాకీ దించి ఉండాల్సింది. కాని అట్ట మీద చిల్లు నడిబొడ్డునే ఉంది, ఆ చిల్లు ఆయన్ని చూస్తోంది. మళ్లీ నొక్కాడు.

"ఒగ్గీయ్."

ఈసారి గొంతు తనది కాదు. బొంగురుగా, లోతుగా, బావి అడుగునుంచి వచ్చినట్టుంది. మాటా తనది కాదు. ముప్పయ్యేళ్లు తెలుగు చెప్పిన మనిషి 'వదిలెయ్' అంటాడు గాని 'ఒగ్గీయ్' అనడు.

మర్నాడు రోజారమణిని తీసుకొచ్చి వినిపించాడు. ఆవిడ బెదరలేదు. ముల్లు వంక చూసింది, మొగుడి ముఖం వంక చూసింది. ముల్లు ఎర్రగీత దగ్గర నిలబడి ఉంది.

"మీకు గాలి సోకలేదండీ," అంది మెల్లగా. "మీ గాలే దానికి సోకింది."

అప్పుడే జగదీశ్వరరావు వచ్చాడు. "రేపటికల్లా పేరు పంపాలి మేష్టారూ. గాలి తుపాకీకే రాసేస్తాను. దాన్లో మిమ్మల్ని కొట్టీవోడు జిల్లాలో లేడు. రిమ్‌ఫైరైతే ఆఖరి నుంచి లెక్కెట్టుకోవాలి, ఏటంటారు?"

హేమసుందర్ వెంటనే వద్దనలేకపోయాడు. మెడలో పతకం, కాలేజీలో సన్మానం, అన్నీ కళ్ల ముందు కనిపించాయి. ఆ సన్మానంలో మైకు ముందు నిలబడి "అందరికీ నా..." అని ఆగిపోయిన తనూ కనిపించాడు.

"రేపు..." అన్నాడు.

"రేపు చెబుతారట," అని క్రియ అందించింది రోజారమణి. "ఈ తుపాకీని ఒక్కరోజు తీసుకెళ్తాం అన్నయ్యగారూ."

మర్నాడు పొద్దున్నే సంచిలో పెట్టుకుని ఎస్. రాయవరం బస్సెక్కారు. "ఏటండీ అది, వీణా?" అన్నాడు కండక్టరు. హేమసుందర్ నాలుక మీద ఏదో మెరిసి, సగంలో ఆరిపోయింది.

దేవుళ్లు ఇల్లు ఊరి చివర, వరిచేలను ఆనుకుని ఉంది. అరుగు మీద నిటారుగా కూర్చున్న ముసలాయన సంచి ఆకారం చూసి లేచి నిలబడ్డాడు. లోపల్నుంచి వచ్చిన ఆయన భార్య సింహాద్రమ్మ నెత్తిన చెయ్యిపెట్టుకుంది.

"మల్లీ మా ఇంటికే అట్టుకొచ్చినారేటి బాబూ దాన్ని! దాని మూలానే కదా మా ఆయన ఇలాగైపోనాడు. ముందు మాట సివర పోనాది. తరవాత మాటే పోనాది. డాకటర్లు పచ్చవాతం అన్నారు. పచ్చవాతమైతే కాలో సెయ్యో పోవాల గదా!"

దేవుళ్లు తుపాకీ అందుకున్నాడు. సిలిండరు మొదట్లో ఉన్న చిన్న మరని, గాలి తీసే మరని, వేలితో చూపించాడు. తర్వాత ఆ వేలు తన నోటికి తాకించాడు. తర్వాత హేమసుందర్ నోటికి.

"పైనున్నది మీదండీ," అంది రోజారమణి. "అడుగునున్నది ఆయనది. మీది తీసుకుంటే గాని ఆయనది రాదు."

"ఎక్కడిదాకా నా..." అన్నాడు హేమసుందర్.

అది ఎవరికీ తెలియదు. గాలికి గట్లుంటాయా?

ముసలాయన మర ఒక్క పిసరు తిప్పాడు. సన్నటి బుస. హేమసుందర్ జానెడు దూరంలో ముఖం పెట్టి ఊపిరి పీల్చాడు. మొదట సుద్దముక్క వాసన, తర్వాత చారు వాసన. ఆ తర్వాత మాటలు వచ్చాయి, చెవికి కాదు, ఛాతీకి. వెళ్తాను, తిన్నాను, చెప్పాను, చూశాను, పోసుకుంటాను. ఒక్కొక్కటీ వెళ్లి దాని చోట కూర్చుంటోంది. ముల్లు దిగుతోంది. ఎన్నాళ్లకో నిండా ఊపిరి తగిలింది. ఇంకా ఉంది, ఇంకా తనదే వస్తోంది, ఆ సంగతి రుచి చెబుతోంది.

కళ్లెత్తి చూశాడు. ఎదురుగా దేవుళ్లు నోరు తెరుచుకుని నిలబడ్డాడు, గట్టున పడ్డ చేపలా. చూపు ముల్లు మీదే ఉంది. ముల్లు సగం దాటి దిగిపోయింది.

ఇంకొక్క గుక్క తీసుకుంటే అది తనదే కావచ్చు. ఆయనదీ కావచ్చు. హేమసుందర్ ముఖం తిప్పుకుని, తుపాకీని ముసలాయన వైపు జరిపాడు.

బుస పూర్తిగా ఆగేదాకా దేవుళ్లు పీల్చాడు. ముల్లు సున్నా మీద వాలింది. సింహాద్రమ్మ మొగుడి భుజం పట్టుకుంది.

"మాట్లాడు మావా."

దేవుళ్లు గొంతు సవరించుకున్నాడు. సవరించుకున్న చప్పుడుకే పక్కింటి కుక్క లేచింది.

"ఊరి పేరులోనే ఎస్ ఉందే సింహాద్రీ! నో అందామంటే నాకు నోరే లేకపోయె!"

అని చేలకవతలి రోడ్డుదాకా వినబడేలా నవ్వాడు. సింహాద్రమ్మ చెయ్యి తీసేసింది, వెనక్కి ఒక అడుగు వేసింది.

"ఈయన... ఈయనెప్పుడూ ఇలాగ నవ్వినోడు కాడు బాబూ," అంది హేమసుందర్ వంక తిరిగి. "ఈ గొంతు ఈయనది కాదు."

హేమసుందర్‌కి ఆ గొంతు ఎవరిదో తెలుసు. దానికి జవాబుగా ఏదో ఒకటి విరిచి విసరాలని నోరు తెరిచాడు. రాయవరం అనుకున్నాడు. రాయవరం రాయవరంగానే ఉంది. తిరగేస్తే తిరగలేదు, విరిస్తే విరగలేదు. ఏ మాట ముట్టుకున్నా ఒక్కటే అర్థంతో, రాయిలా, కదలకుండా ఉంది.

జేబులో ఫోను మోగింది. జగదీశ్వరరావు.

"ఏటి తేల్చారు మేష్టారూ?"

"రిమ్‌ఫైరుకి రాయండి. గాలి తుపాకీ నాకు వద్దు. దీన్ని ఇక్కడే ఇచ్చేశాను."

కర్త, కర్మ, క్రియ, దేని చోట అది. అవతల జగదీశ్వరరావు ఇంకా ఏదో వస్తుందని కాసేపు ఫోను పట్టుకునే ఉన్నాడు. ఏమీ రాకపోయేసరికి, "ఒంట్లో బాగుందా మేష్టారూ?" అని అడిగాడు.

"బాగుంది."

ఇద్దరూ బస్సు కోసం నడిచారు. వెనక ఆ ఇంట్లోంచి ఇంకో విరుపు, దాని వెంట ఇంకో నవ్వు వచ్చాయి. రోజారమణి ఫక్కున నవ్వి, చటుక్కున నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. అడ్డం పెట్టుకునే ఒకసారి వెనక్కి తిరిగి చూసింది, ఎవరో తనను పేరు పెట్టి పిలిచినట్టు.