ఖాళీగా తిరిగెళ్ళిన మూటగుడ్డ

నేను ఒక చదరపు గుడ్డను. నీలం రంగు, దాని మీద తెల్ల ముల్లంగి దుంపల అచ్చు. నాకు కుట్టు లేదు, గుండీ లేదు, జేబూ లేదు. ఉన్నవల్లా నాలుగు కొసలు. వాటిని ఎదురెదురుగా పట్టుకొని ముడేస్తే మూటనవుతాను. విప్పితే మళ్ళీ గుడ్డనే. పుట్టింది జపాన్‌లో, క్యోటో నగరంలో ఒక అద్దకం పనివాడి ఇంట్లో. అక్కడ నన్ను ఫురోషికి అంటారు. పేరు విని ఏదో గొప్ప కళాఖండం అనుకోకండి. స్నానాల దగ్గర పరుచుకొనే గుడ్డ అని దాని అర్థం. మీ భాషలో మూటగుడ్డ.

నన్ను అద్దినవాడి పేరు తోకుజి. జపాన్ పనివాళ్ళు తపస్సు చేసుకుంటున్నట్టు మౌనంగా పని చేస్తారని మీరు ఎక్కడో విని ఉంటారు. తోకుజి పని చేస్తున్నంతసేపూ రేడియోలో బేస్‌బాల్ వింటూ, తన జట్టును నోరారా తిడుతూ ఉండేవాడు. నా మీది ముల్లంగి దుంపల్లో ఒకటి కొంచెం వంకరగా ఉంటుంది. అది అద్దుతున్నప్పుడు మైదానంలో ఎవరో చేతిలోకొచ్చిన బంతిని వదిలేశారు.

నన్ను కొన్నవాడు నుమాజు అనే రేవు పట్టణంలో తలుపులు, కిటికీలు చేసే వడ్రంగి. పేరు కురామోచి ఎయిజో. మా దేశంలో అందరూ గడియారాన్ని మింగి పుడతారని బయటివాళ్ళ నమ్మకం. ఎయిజో తన పెళ్ళికే ఆలస్యంగా వెళ్ళాడు. దారిలో ఎవరింట్లోనో తలుపు బిగుసుకుపోయిందంటే ఆగి, చిత్రిక పట్టి, బాగుచేసి మరీ వెళ్ళాడట. పెళ్ళికూతురు హత్సుయే ఆ రోజు నేర్చుకున్న ఓర్పుతోనే అతనితో కాపురం చేసింది. ఎవరింటికి ఆలస్యంగా వెళ్ళినా అతను క్షమాపణగా మిఠాయి పట్టుకెళ్ళేవాడు, దాన్ని నాలో మూట కట్టేవాడు. ఆ విధంగా ఆ ఊళ్ళో నేను తిరగని గడప లేదు.

ఇక్కడ మా మర్యాద ఒకటి చెప్పాలి. కానుకను నాలో కట్టి తీసుకెళతారు. గడప దగ్గర ముడి విప్పి, కానుకను రెండు చేతులతో అందించి, నన్ను మాత్రం మడిచి వెనక్కి తెచ్చుకుంటారు. అంటే నేను ఎన్ని ఇళ్ళకు వెళ్ళినా ఏ ఇంట్లోనూ ఒక్క పూట ఉన్నది లేదు.

ఎయిజో పోయాక హత్సుయే రేవు దగ్గర, తామిద్దరూ కాపురమున్న అపార్ట్‌మెంట్‌లోనే ఒంటరిగా ఉంటోంది. డెబ్భై దాటిన మనిషి. పక్క ఫ్లాట్‌లోకి ఒక వేసవిలో కాకినాడ నుంచి చలపతి, మందాకిని అనే దంపతులు వచ్చారు. అతను యంత్రాల కర్మాగారంలో ఇంజనీరు, జపనీస్ ధారాళంగా మాట్లాడతాడు. ఆమె అప్పుడే నేర్చుకుంటోంది. కొత్తగా ఇంట్లో దిగినవాళ్ళు ఇరుగుపొరుగుకు ఏదైనా చిన్న కానుక ఇచ్చి పలకరించాలని చలపతికి ఎవరో చెప్పారు. దంపతులిద్దరూ కాకినాడ కాజాల పెట్టె పట్టుకొని వచ్చారు. హత్సుయే ఒక కాజా కొరికింది. లోపలి పాకం గడ్డం మీదుగా కారింది. ఎయిజో పోయాక ఆమె అలా నవ్వడం నేను చూడలేదు.

కానుక అందుకున్నాక తిరిగి ఏదో ఒకటి ఇవ్వకపోతే మావాళ్ళకు ముద్ద దిగదు. మర్నాడే హత్సుయే నాలో కమలాపళ్ళు మూట కట్టుకొని పక్క తలుపు తట్టింది. పళ్ళు అందించి నన్ను మడుస్తూ ఉండగా మందాకిని చేయి చాపి నన్ను లాక్కుంది.

“అయ్యో, ఉంచండి! ఉతికి ఇస్తానండి” అంది తెలుగులోనే.

హత్సుయే బిత్తరపోయింది. వద్దని చెప్పడం మొరటుతనం అవుతుందనుకుంది. అలా నేను నా జీవితంలో మొదటిసారి పరాయి ఇంట్లో నిద్ర చేశాను, ఇంగువ వాసన మధ్య.

గోదావరి జిల్లాల మర్యాద ఎలాంటిదో మీకు నేను చెప్పేదేముంది! ఇచ్చిన గిన్నెనైనా గుడ్డనైనా ఖాళీగా తిప్పి పంపడం మందాకిని ఎరగదు. జంతికలు కట్టి పంపింది. అందుకున్న హత్సుయే ఊరుకుంటుందా? ముల్లంగి ఊరగాయ కట్టింది. ఇక్కణ్ణించి గారెలు వెళ్ళాయి. అక్కణ్ణించి ఎండుచేప పొడి చల్లి ఉడకబెట్టిన ముల్లంగి ముక్కలు వచ్చాయి. ఇక్కణ్ణించి సున్నుండలు. హత్సుయే వాటిని వేడినీళ్ళ తొట్టిలో వేసుకొనే సుగంధపు ఉండలనుకొని స్నానాల గదిదాకా తీసుకెళ్ళింది. నెయ్యి వాసన తగిలి ఆగి, నాలుక చివర పెట్టుకొని చూసి, తొట్టి అంచునే కూర్చొని తినేసింది. ఇద్దరు మర్యాదస్థుల మధ్య పడ్డ గుడ్డకు ఆరే తీరిక కూడా ఉండదు.

అయినా ఆ రోజులు నాకెంత బాగుండేవో!

చిక్కల్లా ఒక్క మాట దగ్గర వచ్చింది. ఏమిచ్చినా హత్సుయే వంగి “సుమిమాసెన్” అనేది. మందాకిని తన పాఠ్యపుస్తకంలో చూస్తే దానికి ‘క్షమించండి’ అని ఉంది.

ఒక సాయంత్రం నన్ను వాళ్ళ బాల్కనీలో ఆరేసి ఆమె భర్తతో అంది. “ఏవండీ, ఏం పట్టుకెళ్ళినా ఆవిడ క్షమించమంటారేంటండీ? తప్పు చేసినట్టు మొహం పెడతారు కూడాను.”

చలపతికి తెలిసిన అర్థం వేరే ఉంది. కానీ ఆ మధ్యే కర్మాగారంలో ఒక పెద్దమనిషి, జపాన్‌లో పాతికేళ్ళుగా ఉంటున్న తెలుగాయన, అతనికి గట్టిగా చెప్పి ఉన్నాడు. “జపాన్‌వాళ్ళు మొహం మీద కాదనరు చలపతీ. లోపలొకటి, పైకొకటి. వాళ్ళు మరీ మర్యాదగా ఉన్నారంటే విసిగిపోయారని అర్థం” అని. పాతికేళ్ళ మాట ముందు చలపతి తన జ్ఞానాన్ని తానే నమ్మలేకపోయాడు.

“పాపం, పెద్దావిడ. మనం పంపుతున్నాం గదాని ఆవిడ కూడా వండి పంపాల్సొస్తోంది. మనమే ఆపేద్దాం” అన్నాడు.

మందాకిని నన్ను ఇస్త్రీ చేసింది. చేస్తూ రెండుసార్లు వంటింటి వైపు చూసింది. అక్కడ వేడి వేడి పూర్ణాలు ఉన్నాయి. చూసి, వాటి మీద మూత పెట్టేసి, నన్ను ఉత్తినే తీసుకెళ్ళి హత్సుయే చేతికిచ్చింది.

హత్సుయే నా మడత ఎత్తి చూసింది. ఏమీ లేదు. “సుమిమాసెన్” అంది. ఈసారి మాత్రం అది నిజంగా క్షమాపణే.

ఎందుకంటే ఆమెకూ ఒక జ్ఞాని దొరికింది. వృద్ధుల సంఘంలో స్నేహితురాలు ఒకావిడ, టీవీలో ఏదో చూసి, భారతీయులందరూ శాకాహారులేనని, పొరపాటున చేప తగిలినా ఉపవాసాలు చేస్తారని చెప్పింది. హత్సుయే తాను పంపినవన్నీ ఒక్కొక్కటే గుర్తుచేసుకుంది. తాను ముల్లంగి ముక్కల మీద ఏం చల్లి పంపింది? ఆ పొడి లేకుండా తను ఏ కూర వండింది గనక! ఆ చింతలో ఉండగానే నేను ఖాళీగా వెళ్ళాను. అంతే, వాళ్ళ ఆచారం చెడగొట్టానని ఖాయం చేసుకుంది. విడమరిచి క్షమాపణ చెప్పుకుందామంటే, చేసిన తప్పును మళ్ళీ గుర్తుచేసినట్టవుతుందని మానేసింది.

ఆ తర్వాత రెండిళ్ళ మధ్యా ఎంత నిశ్శబ్దం! మెట్ల మీద అడుగుల చప్పుడైతే హత్సుయే తలుపు వెనకే ఆగేది. మందాకిని కూడా అంతే. ఎదురుపడితే ఇద్దరూ వంగి వంగి దణ్ణాలు పెట్టుకొని తప్పుకొనేవారు. నన్ను మాత్రం హత్సుయే సొరుగులో పెట్టలేకపోయింది. బజారు సంచిగా ముడేసి తన వెంట తిప్పేది.

ఒకరోజు ఫోన్‌లో మేనల్లుడితో అంటుంటే విన్నాను. “నువ్వన్నట్టే మీ ఊరు వచ్చేస్తానురా. ఇక్కడ పొరుగువాళ్ళకు ఇబ్బందిగా ఉంటున్నాను.” అతను సంతోషించి, ఇల్లు అమ్మిపెట్టేవాణ్ణి నెలాఖరుకు పంపుతానన్నాడు. ఫోన్ పెట్టేసి హత్సుయే చాలాసేపు ఎయిజో చేసిన కిటికీ తలుపును అటూ ఇటూ జరుపుతూ నిలబడింది. అది బిగుసుకోలేదు, ఏమీ లేదు. ఊరికే జరిపింది.

సరిగ్గా అప్పుడే కాకినాడ నుంచి చలపతి తల్లి రాఘవమ్మ దిగింది. ఆమెకూ జపాన్ గురించి అభిప్రాయాలకు కొదవ లేదు. అక్కడ అన్నీ పచ్చివే తింటారని రెండు పెట్టెల నిండా పప్పులు, కారాలు తెచ్చుకుంది. కొడుకు కర్మాగారానికి, కోడలు భాష క్లాసుకు వెళ్ళాక, వాసన పట్టుకొని ఒంటరిగా రేవు పక్క చేపల కొట్టుకు నడిచింది. జరీ అంచు చీర, దాని మీద కొడుకు చలికోటు.

హత్సుయే అప్పటికే అక్కడ ఉంది, నన్ను మోచేతికి తగిలించుకొని. మా ఊళ్ళో కొట్టులోని చేపను ముట్టుకోకూడదు. జపాన్‌వాళ్ళు నియమం తప్పరని మీరంటారు. హత్సుయే కొట్టువాడు అటు తిరగ్గానే టక్కున మొప్ప ఎత్తి ఎరుపు చూస్తుంది. ఆ రోజూ అలాగే కానాగంతల బుట్టలోకి చెయ్యి పెట్టింది. అదే చేప మీద ఇంకో చెయ్యి పడింది. గాజులున్న చెయ్యి.

ఇద్దరూ తలెత్తారు. దొంగతనంలో దొరికిన ఇద్దరు పిల్లల్లా ఒకరినొకరు చూసుకొని, కొట్టువాడి వీపు వైపు చూసి, కిసుక్కున నవ్వారు.

వెంటనే హత్సుయే మొహంలో నవ్వు పోయి ఆశ్చర్యం వచ్చింది. చీర కట్టుకున్న మనిషి చేప కొంటోంది! చేపను చూపించి, వేళ్ళు నోటి దగ్గరకు తీసుకెళ్ళి, కళ్ళతో అడిగింది. తింటారా అని.

“తినకపోతే చూసుకోడానికా అండీ కొనేది? కాకినాడవాళ్ళం మేం!” అంది రాఘవమ్మ.

మాట అర్థం కాకపోయినా జవాబు అర్థమైంది. హత్సుయే అక్కడే, తడి నేల మీద, చేతులతో మొహం కప్పుకొని ఏడ్చేసింది. రాఘవమ్మకు ఆ ఏడుపు ఎందుకో తెలియదు. తెలియకపోయినా ఏడుస్తున్న ఆడమనిషిని ఇంటికి తీసుకెళ్ళాలని మాత్రం తెలుసు. చేపల పొట్లాన్ని నాలో మూట కట్టించి, “రండి వదినగారూ” అని చెయ్యి పట్టుకొని నడిపించింది. అపార్ట్‌మెంట్ దగ్గరకొచ్చాక, ఆవిడ కోడలి పక్కింటావిడేనని తేలింది.

సాయంత్రం చలపతి వచ్చేసరికి ఇల్లంతా చేపల పులుసు ఘుమఘుమ. హత్సుయే ముక్కు ఎర్రబడి, కళ్ళ వెంట కారం నీళ్ళు కారుతుండగా కంచం ముందుకు జరిపి మళ్ళీ వడ్డించమంటోంది. రాఘవమ్మ వడ్డిస్తూ “ఇంకొంచెం?” అంటే ఆవిడ “హాయ్” అంటోంది. మావాళ్ళు అవునని చెప్పే మాట అది. రాఘవమ్మ కొడుకు వైపు తిరిగి, “చూసేవురా, ఎంచక్కా మనలాగే ఆయ్ అంటున్నారు” అని మురిసిపోయింది.

చెయ్యి కడుక్కొని హత్సుయే చలపతి ముందు సర్దుకొని కూర్చొంది. ఆమె మాటలు మీకు తెలుగులో చెబుతాను.

“చలపతి గారూ, ఒక్క సంగతి అడగాలి. నేను చేపపొడి వేసి పంపినందుకు మీకు కోపం రాలేదా? మరి గుడ్డ ఖాళీగా ఎందుకు వచ్చింది?”

చలపతి తెలుగులోకి మార్చి చెప్పగానే మందాకిని తల పట్టుకుంది. “కోపమా! ఆ ముక్కల గిన్నెకోసం మేమిద్దరం కొట్టుకున్నంత పని చేసేమండీ. మీరు ప్రతిసారీ క్షమించమంటుంటే, మావల్ల మీకు విసుగొచ్చిందనుకున్నాం.”

“అయ్యో, అది సంతోషం పట్టలేక అనే మాటమ్మా. నాకోసం ఇంత శ్రమపడ్డారే అని అలా అంటాం.” హత్సుయే మందాకిని వైపు తిరిగింది. “పొద్దు గూకేలోపు ఎవరైనా తలుపు తడతారని ఎదురుచూసే ఇంట్లో, విసుగెలా వస్తుంది?”

చలపతి ఆ చివరి మాటనూ తెలుగులోకి మార్చి చెప్పాడు. మందాకిని లేచి వెళ్ళి ఆవిడ పక్కన కూర్చొంది.

రాఘవమ్మకు సంగతంతా అప్పుడు బోధపడింది. “దీనికా మీరింత చేసుకున్నారు? నేనే ఉంటే ఇంతవరకూ వచ్చేదా?”

“మీకు మాత్రం ఏం తెలుసు అత్తయ్యగారూ, వీళ్ళ పద్ధతులు?”

“ఏమీ తెలీదు. తెలీదు గనకే తిన్నగా ఆవిడ్నే అడుగుదును.”

చలపతి ఇది అనువదించలేదు. పాతికేళ్ళ పెద్దమనిషి గుర్తొచ్చి తనలో తాను నవ్వుకున్నాడు.

మర్నాడు హత్సుయే మేనల్లుడికి ఫోన్ చేసి, ఇల్లు అమ్మిపెట్టేవాణ్ణి పంపొద్దంది. కారణం అడిగితే, పక్కింటివాళ్ళ దగ్గర వంట నేర్చుకుంటున్నాను, మధ్యలో రాలేనంది. చలికాలమంతా ఇద్దరు పెద్దవాళ్ళూ ఒక పొయ్యి దగ్గరే గడిపారు. చెరో భాషలో మాట్లాడుకొనేవారు. ఒకరి మాట ఒకరు పూర్తిగా వినిపించుకొనేవారు కూడా కాదు. చాలామంది అక్కచెల్లెళ్ళు అలాగే మాట్లాడుకుంటారని నాకు తర్వాత తెలిసింది.

రాఘవమ్మ తిరిగి వెళ్ళే రోజున హత్సుయే ఎండుచేపల పొట్లాలు నాలో కట్టి తెచ్చింది. ముడి విప్పలేదు. మూటతో సహా ఆమె చేతుల్లో పెట్టి, తన చేతులు వెనక్కి తీసుకొంది. నేను ఒక ఇంటికి వెళ్ళి, తిరిగి రానక్కర్లేకపోవడం అదే మొదటిసారి.

ఇప్పుడు నేను కాకినాడలో ఉన్నాను. ఆవకాయ జాడీకి నన్ను వాసెన కట్టారు. ముల్లంగి దుంపల మీద నూనె మరకలు పడ్డాయి. ఎర్ర కారం అంటి వంకర దుంప కాస్తా క్యారెట్‌లా తయారైంది. తోకుజి చూస్తే తిడతాడు గానీ, నాకు బాగానే ఉంది. మధ్యాహ్నాలు ఇరుగమ్మలూ పొరుగమ్మలూ వస్తారు. నా మీది అచ్చు చూసి జపాన్ ప్రసక్తి తెస్తారు.

మొన్న ఎదురింటి సత్యవేణి గారు అడిగారు. “ఏవండీ రాఘవమ్మగారూ, జపాన్‌వాళ్ళు అసలు గట్టిగా నవ్వనే నవ్వరటగా? రోడ్డు మీద చిత్తు కాగితం కనపడితే పరుగెత్తుకెళ్ళి ఎత్తుతారటగా? అందరూ నూరేళ్ళు బతుకుతారట, నిజమేనా?”

రాఘవమ్మ జాడీ మూతి చుట్టూ నా కొసలు బిగిస్తూ అంది. “ఏమోనండీ, అంతమందిని నేనెక్కడ చూసేను? నేనెరిగింది హత్సుయే వదినగార్ని ఒక్కర్నే. ఆవిడ మాత్రం పులుసులో బెల్లం ఎక్కువేస్తారు. ఎంత చెప్పినా వినరు.”