రెండు జానల చెలమ

కాగితాలు చించి నానబెట్టాలి. మెత్తగా రుబ్బాలి. ఉప్పు పూసిన రాతిపలకకు ఆ గుజ్జు పట్టించాలి. ఆరగానే ఒలిచి కొత్తది పట్టించాలి. రాతిలోని ఉప్పు గుజ్జులోకి దిగేదాకా ఇదే పని. సోమవారం పై అధికారి వచ్చేసరికి అంతా అయిపోవాలి.

అరవై మూడులో పురావస్తు శాఖలో చేరిన రంగనాయకులు ఇవన్నీ నోటుబుక్కులో రాసుకున్నాడు. చిట్టమూరు వైపు వరి పండించే ఇంట్లో మొదటి బి.ఏ. అతనే. సముద్రపు ఒడ్డున తవ్వకాల్లో దొరికిన సున్నపురాతి పలక మీద బుద్ధుడి ముఖం ఉంది. అది ఉప్పుగాలికి పొరలు పొరలుగా లేస్తోంది.

శుక్రవారం మూడో గుజ్జు ఒలిచాడు. దానితోపాటే గోరంత చెంప ఊడి వచ్చింది. ఉప్పు తగ్గకపోగా ఇంకా తెల్లగా పూసింది!

ఆ రోజే రుబ్బడానికి కూలికొచ్చిన, చేపలు పట్టే పల్లెకారుల కామమ్మ, కుండలో వేలు ముంచి నాలుకకు రాసుకుని తుపుక్కున ఉమ్మింది.

"ఈ నీళ్లు యాడివి నాయనా?"

"మీ ఇసక చెలమవే అక్కా. చాలడం లేదని మంగళవారం నిలువెత్తు తవ్వించినా."

"నువ్వేనా! నీళ్లు ఉప్పయినాయని, మూడు దినాలుగా మా ఆడోళ్లు దయ్యం చేసిన పనని తిడతా ఉండారే!"

"లోతుకు పోతే నీళ్లు ఊరతాయి గదా?"

"మీ చేలకాడ. ఇక్కడ రెండు జానలే మంచినీళ్లు, ఆ కింద సముద్రమే. చదివినోడివి, ఒక బొట్టు నాలిక మీద వేసుకోలేకపోయినావా?"

తవ్వకముందు వేసుకున్నాడు. తవ్వాక వేసుకోలేదు. మూడు రోజులు రాతికి తన చేత్తోనే ఉప్పు పట్టించాడు.

కామమ్మ ఇంకోచోట రెండు జానలే తవ్వి, ఊరిన నీటిని కొబ్బరిచిప్పతో తోడింది. పొద్దుటి నుంచి మధ్యాహ్నానికి రెండు కుండలు.

"రాయికి దాహమంట!" అని ఆడవాళ్లు సణిగారు.

"మనకొకటి, దానికొకటి. చెడగొట్టినోడే మోస్తాడు లే" అంది కామమ్మ.

రంగనాయకులు రెండూ మోశాడు. శని, ఆది గుజ్జు మార్చాడు. సోమవారం ఒలిచాడు. రాతిలోని ఉప్పు దిగి కాగితం తెల్లబారింది. ముఖం నిలిచింది.

"ఈ చెంపేమైంది?" అన్నాడు అధికారి.

"నా తప్పు సార్" అని రంగనాయకులు జరిగిందంతా చెప్పాడు. ఆయన వంగి పలకను చూసి, "మంచినీటితో శుద్ధి చేయబడినది" అని రాసుకుని వెళ్లాడు.

ఆ పలక మీకెప్పుడైనా కనబడితే, ఆ మంచినీళ్లు తోడిన కామమ్మను ఒక్కసారి తలుచుకోండి.