జానెడు మొలక

దసరా నవరాత్రులకు ఘటం పెట్టిన ఇంట్లో తొమ్మిదో నాటికి మొలకలు జానెడు పొడవు లేచి బంగారు రంగు తిరిగితే, ఆ ఏడాది ఆ గడప లోపలికి కీడు రాదని ఆదిలాబాద్ వైపు చాలామంది నమ్మకం. ఆ ఆచారం రాష్ట్ర సరిహద్దు అవతలి నుంచి వచ్చిందో, అంతకు ముందే ఇక్కడ ఉన్నదో కచ్చితంగా చెప్పగలిగినవారు లేరు. మొలక పొట్టిగా, ముదురు పచ్చగా ఆగిపోతే మాత్రం దసరానాడు ఆ ఇంటి ఇల్లాలు ఎవరి ముఖమూ సూటిగా చూడదు.

బెల్లంపల్లిలో, మూతపడిన బొగ్గుబావికి ఎదురుగా ఉన్న క్వార్టర్ల వరుసలో చివరి ఇల్లు పద్మలతది. మొలకల సంగతి ఆ వరుసలో ఆమెకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. ఇంటి బయట ఏది వేసినా కోతులు దక్కనివ్వవు. అందుకని ఆమె సాగంతా ఇంట్లోనే. అడ్డంగా కోసిన రంగు డబ్బాలు, మూతలు పోయిన టిఫిన్ గిన్నెలు, అడుగున చిల్లులు పొడిచిన నూనె ప్యాకెట్లు ఆమె మడులు. విత్తనం వంటింటి డబ్బాల్లోదే. ధనియాలను చెప్పుతో నలిపి రెండు బద్దలు చేసి చల్లేది. మెంతులను, పెసలను నానబెట్టి పాత పంచెగుడ్డలో మూటగట్టేది. బియ్యం కడిగిన నీళ్లే ఎరువు. ముందుగది కిటికీలో పొద్దున రెండు గంటల సేపు ఎండ పడుతుంది. అది జరిగిన కొద్దీ డబ్బాలను ఒక్కొక్కటిగా జరిపేది.

వినాయక చవితి వెళ్లిన వారానికి పక్కింటి మహబూబ్‌బీ ఒక గిన్నె పట్టుకొని వచ్చింది.

"ఏందే పద్మా, నువ్వు చెప్పినట్టే చేస్తి. మెంతులు జూడు, సన్నగ, పొడుగ్గ, పాలిపోయి ఒరిగిపోతున్నయ్. అచ్చం మా పోరడు సాదిక్ లెక్కనే."

"యాడ పెట్టినవ్ ఆపా?"

"కోతుల బుగులుకు అల్మారల పెట్టి తలుపేసిన."

"చీకట్ల పెడితె గట్లనే అయితది. ఎలుగు యాడున్నదా అని దేవులాడుకుంట పొడుగు సాగుతయ్. బలం ఉండది, రుచి ఉండది. కిటికీల పెట్టు, పొట్టిగ గట్టిగ లేస్తయ్."

"అంటె మా సాదిక్‌ను సుత కిటికీల కూసోబెట్టాల్నా?"

ఇద్దరూ కడుపు పట్టుకొని నవ్వారు. ఆ ఇంట్లో పద్మలత అట్లా నవ్వడం అదే చివరిసారి.

ఆ సాగంతా భర్త అంతయ్య కోసం. ఇరవై ఆరేళ్లు భూమి లోపల కప్పు కూలకుండా కర్రలు నిలబెట్టే పని చేసిన మనిషి, చక్కెర వ్యాధితో అన్‌ఫిట్ అయి ఇంట్లో కూర్చున్నాడు. పొద్దున్నే గుప్పెడు మెంతి మొలకలు నమిలేవాడు. "మొలకలు తింటున్న గద" అని గోలీలు రోజు విడిచి రోజు మింగేవాడు. ఎడమకాలి చిటికెన వేలిని చెప్పు ఒరిసింది. నొప్పి తెలియలేదు గనుక పట్టించుకోలేదు. చూసేనాటికి వేలు నల్లబడింది. దాని పక్క వేలు కూడా రంగు మారుతున్నది.

మంచిర్యాలలో డాక్టరు పాదాన్ని వెలుతురులో తిప్పి చూసి, నిదానంగా చెప్పాడు. "రెండు వేళ్లు తీస్తే పాదం దక్కుతుంది. పది, పన్నెండు రోజులు. అది దాటితే నేను మాట ఇవ్వలేను."

ఇంటికొచ్చి మంచం మీద కూర్చున్నాక అంతయ్య అన్నాడు.

"బాయిల నాతోని పనిచేసిన మల్లన్నకు గిట్లనే వేలుతోని మొదలువెట్టిండ్రు. ఆఖరుకు తొడదాంక తీసిండ్రు. నేను పోను."

"రెండు వేళ్లే గదయ్యా. నడుస్తవ్ గద."

"ఎల్లుండి ఘటం కూసోబెట్టు. తల్లి ఏం జెప్తె గది. మొలక జానెడు లేస్తె నాకు ఫికర్ లేదు."

"లేస్తె ధైర్యంగ దవాఖానకు వస్తవా మరి?"

అతను జవాబివ్వలేదు. పద్మలత దాన్ని ఒప్పుకోలు అనుకున్నది. ఘటం ఇంట్లో ఉన్నన్నాళ్లు యజమాని ఊరు దాటకూడదు. పండుగ మర్నాడు పోతే డాక్టరు చెప్పిన పన్నెండు రోజులు దాటవు కదా అని లెక్క వేసుకున్నది.

పాడ్యమినాడు వెదురు చాటలో మన్ను పోసి, నవధాన్యాలు చల్లి, నడుమ కొత్త కుండ నిలిపి, పక్కన దీపం వెలిగించింది. డబ్బాలు ఎప్పుడూ పెట్టే చోటే, ముందుగదిలో కిటికీ పక్కన. అలవాటు కొద్దీ మంచి మన్ను వేసింది, తడి సరిగ్గా చూసింది. మొలకలు చక్కగా వచ్చాయి, ఆమె పెంచే మొలకలన్నీ వచ్చినట్టే: లావుగా, పొట్టిగా, ముదురు పచ్చగా.

నాలుగో రోజు పొద్దున అంతయ్య గోడ పట్టుకొని లేచి, చాట దగ్గర కూర్చొని, బొటనవేలు చిటికెన వేలు సాచి మొలకల పక్కన నిలబెట్టాడు. మొలకలు అతని అరచేతి నడిమికి కూడా రాలేదు.

"మూడు వేళ్లే లేసినయ్," అన్నాడు. "అయిపాయె నా పని."

ఆ పూట అన్నం ముట్టలేదు. కట్టు మార్చడానికి కాలు ఇవ్వలేదు. "ఎందుకే, రేపు కాట్లె కాలేటిదాన్ని కడుగుడు," అని గోడవైపు తిరిగి పడుకున్నాడు.

పద్మలత వంటింటి గడపలో చాలాసేపు కూర్చున్నది. కూర్చోబెట్టిన ఘటాన్ని కదిలించరాదు. కిటికీని గురించి మాత్రం ఏ నియమమూ లేదు. మధ్యాహ్నం పెట్టె తెరిచి నల్ల గొంగడి తీసింది. మెంతి డబ్బాలను వంటింట్లోకి చేరవేసి, కిటికీకి గొంగడిని రెండు మడతలుగా కట్టింది. అంచులు కూడా మేకులతో బిగించింది.

"ఏందే గది?"

"దీపానికి గాలి గొడ్తుంది. ఆరితె కీడు."

కీడన్న మాటకు అతను ఎదురు చెప్పలేదు. ఐదు రోజులు ఆ గదిలో దీపం ఒక్కటే వెలుగు. పుండు వాసన ఆ చీకట్లో ఇంకా చిక్కగా తెలిసేది. అగరొత్తులు రెండింటికి బదులు నాలుగు వెలిగించేది.

తొమ్మిదో రోజు అంతయ్య మళ్లీ చెయ్యి సాచాడు. జానెడు దాటి ఇంకో రెండు వేళ్లు. దీపం వెలుగులో మొలకలు బంగారు తీగల్లా ఉన్నాయి. అతను నవ్వాడు. అన్నం పెట్టమన్నాడు. వరుసలోని ఆడవాళ్లు వచ్చి దండం పెట్టుకొని పోయారు. మహబూబ్‌బీ మొలకల వంక, గొంగడి వంక చూసి, పద్మలతను వాకిట్లోకి పిలిచింది.

"మా అల్మార యాదికొచ్చింది పద్మా."

"మనిషికి ధైర్యం రావాలని చేసిన ఆపా. తిండి మానేసిండు. పండుగ మర్నాడే దవాఖానకు తీస్కపోత."

"జల్ది తీస్కపో. వాసన మా ఇంటిదాంక వస్తుంది."

దసరానాడు కుండ ఎత్తేశాక అంతయ్య మొలక ఒకటి చెవిలో పెట్టుకొని, గడపలో కుర్చీ వేసుకొని, వచ్చినవాళ్లతో జమ్మి ఆకు మార్చుకున్నాడు. మర్నాడు పద్మలత సంచి సర్దింది.

"యాడికి?"

"దవాఖానకు. ఆటోకు చెప్పిన."

"దేనికే? జానెడు లేస్తె కీడు లేదని తల్లి చెప్పె గద. ఇంక కోసుడెందుకు?"

ఆమె సంచి కింద పెట్టింది. కిటికీ దగ్గరికి పోయి గొంగడిని లాగేసింది. పది గంటల ఎండ చాట మీద పడింది.

"నేనే చేసిన. చీకటైతె పొడుగైతయని నాకు తెలుసు. గందుకే గొంగడి కట్టిన. ఇగో చూడు, కొసలు మూడు వేళ్ల మందం పచ్చగున్నయ్. గవి నువ్వు చెయ్యి పెట్టిన్నాటివి. దానికింద మొత్తం తెల్లగ, పసుపుగ ఉన్నది. గది గొంగడి కట్టినంక లేసింది. తల్లి లేపలే. నేను లేపిన."

అంతయ్య మొలకలను చూడలేదు. ఆమె ముఖాన్నే చూస్తున్నాడు.

"నన్ను కోతకు పంపుతందుకు అమ్మవారి మీద అబద్ధమాడుతున్నవ్."

కిటికీ అరుగు మీద, మూలన, ఆనాడు తొందరలో మరిచిపోయిన మెంతి డబ్బా ఒకటి ఉండిపోయింది. గొంగడి కింద అవి కూడా జానెడు సాగి, పాలిపోయి, ఒకదాని మీద ఒకటి వాలి ఉన్నాయి. ఆమె ఆ డబ్బాను తెచ్చి అతని ఒళ్లో పెట్టింది.

"ఇవిట్ని చూడు. వీటికి కుంకుమ పెట్టిన్నా, కొబ్బరికాయ కొట్టిన్నా? గివెందుకు లేసినయ్?"

అతను డబ్బాను రెండు చేతులా ఎత్తి కళ్లకద్దుకున్నాడు.

"అమ్మవారి పక్కన ఉన్నయ్ గద పద్మా. వాటికి సుత సత్తువ వచ్చింది."

వాకిట్లో ఆటో రెండుసార్లు హారన్ కొట్టింది. మహబూబ్‌బీ లోపలికి వచ్చి బతిమాలింది. "భయ్యా, అది నిజమే చెప్తుంది. నా మెంతులు అల్మారల గిట్లనే లేసినయ్."

"నీ అల్మారల ఏమున్నదో ఎవలకెరుక బీబీ," అన్నాడు అంతయ్య. నిండు తృప్తితో, మెల్లగా అన్నాడు. కాసేపటికి ఆటో ఖాళీగా వెళ్లిపోయింది.

ఆ తరువాత ఎనిమిది రోజులు ఆమె రోజూ అడిగింది. రోజూ అతను గూట్లో దాచిన మొలకల కట్టను చూపించాడు. తొమ్మిదో రోజు చలిజ్వరం వచ్చి మాట తడబడింది. కాదనే శక్తి అతనికి పోయాక, అంబులెన్సులో కరీంనగర్ తీసుకుపోయారు.

పదకొండో రోజు ఎడమకాలు మోకాలి పైదాకా తీసేశారు. పదమూడో రోజు ఉదయం ఆరున్నరకు అంతయ్య చనిపోయాడు. ఘటం మొలకలు జానెడు రెండు వేళ్లు. మెంతి మొలకలు జానెడు.