ఇంట్లో జరగని సర్వే

డ్రైవర్ భార్యకు రెండు గొంతులున్నాయి. ఒకటి ఇంట్లోది, గిన్నెల చప్పుడును మించి వినపడేది. రెండోది సర్వే ఆఫీసువాళ్ళు నేర్పించింది. మెత్తగా, ఎటూ మొగ్గకుండా, గోడనైనా 'గారూ' అని పిలిచేది. "ఆ గొంతుతో ఒక్కసారి నన్ను అన్నానికి పిలవచ్చుగా" అని మొగుడు ఏడిపిస్తుంటాడు.

ఎన్నికలొస్తున్నాయి. ఎవరిని నిలబెడితే జనం ఓటేస్తారో తెలుసుకోమని ఒక పార్టీ ఆ ఆఫీసుకు పని అప్పజెప్పింది. ఫోను నంబరు కంప్యూటరే కలుపుతుంది, ఎవరికి కలిపిందో ఆమెలా అక్కడ కూచుని మాట్లాడేవాళ్ళకు కనపడదు. ప్రశ్న అడిగి జవాబు నొక్కడమే పని. ఆ వారం అడగాల్సిన పేర్లలో కొత్తగా ఒకటి చేరింది. బస్సు డిపోలో యూనియన్ నాయకుడు, అడిగినవాడికి లేదనడం చేతకాని మనిషి, సాక్షాత్తూ ఆమె మొగుడు. ఆఫీసులో ఆ సంగతి ఎవరికీ తెలియదు.

నిలబడాలంటే అతను ఉద్యోగం వదులుకోవాలి. అవునో కాదో రేపు పార్టీకి చెప్పాలి. ఇంట్లో అందరూ నవ్వుతూ తలూపారు. ఆమెకు మాత్రం లోలోపల గుబులుగానే ఉంది. కాని గాల్లో తేలుతున్న మనిషిని కాళ్ళు పట్టి కిందికి లాగడానికి మనసొప్పలేదు.

మధ్యాహ్నం భోజనాలయ్యాక కలిసిన మొదటి ఫోనులో "ఆ, ఎవరూ?" అన్న గొంతును ఆమె వెంటనే గుర్తుపట్టింది. అత్తగారు.

తెలిసినవాళ్ళు తగిలితే వెంటనే పెట్టెయ్యాలని ఆఫీసు రూలు. వేలు మీట దాకా వెళ్ళింది కూడా. కాని ఏం చెబుతుందో వినాలనే పాడు ఆశ ఒకటుంటుంది కదా, అది ఆ వేలు పట్టుకుని ఆపేసింది. "నమస్కారమండీ, ఎన్నికల గురించి మీ అభిప్రాయం కనుక్కుందామని" అంటూ ఆఫీసు గొంతుతో పేర్లన్నీ చదివింది. మొగుడి పేరు దగ్గర తడబడకుండా ఎలా దాటిందో ఆమె నాలుకకే తెలియాలి.

"ఆ డ్రైవరబ్బాయికి మాత్రం వెయ్యను" అంది అత్తగారు తడుముకోకుండా.

"ఎందుకో చెబుతారా అండీ?"

"వాడు నా కొడుకేనమ్మా. బంగారం లాంటివాడు. ఎవరైనా పరుగెత్తుకొస్తుంటే బస్సు కదిలించడు, ఆలస్యమైందని పైవాళ్ళతో తిట్లు తింటాడు. అలాంటివాణ్ణి ఆ కుర్చీలో కూచోబెడితే పీక్కు తింటారు. ఎవడో చేసినదానికి వీడు తల వంచుకుంటాడు. వాడితోనే చెబుదామంటే, కన్నతల్లే నమ్మలేదని కుంగిపోతాడు. అందుకే నీతో చెబుతున్నా."

"మాట్లాడినందుకు సంతోషమండీ" అనేసరికి ఆఫీసు గొంతు కాస్తా బొంగురుపోయింది. రూలు గుర్తొచ్చి ఆ జవాబును లెక్కలోంచి కొట్టేసింది. కొట్టేస్తే మాత్రం ఏం లాభం, ఆ మాట ఆమె వెంట ఇంటికొచ్చింది.

సాయంత్రం గుమ్మంలో చెప్పులు విడుస్తుంటే, బట్టలు మడతపెడుతున్న అత్తగారు తలెత్తకుండా అడిగింది. "వాడితో చెప్పావా?"

"ఏం చెప్పాలత్తయ్యా?"

"ఎంత మెత్తగా మాట్లాడితే మాత్రం నా కోడలి గొంతు నాకు తెలీదా? నాకు నోరు రాలేదు. నువ్వు చెబుతావనే చెప్పాను."

అతను పెరటి మెట్ల మీద కూచుని డ్యూటీ బూట్లు తుడుచుకుంటున్నాడు. రేపటి తర్వాత వాటితో పనుంటుందో లేదో కూడా తెలియదు, పాపం. ఆమెను చూడగానే మొహం వెలిగింది. "మన గాలి ఎలా ఉంది?"

"బయటిది చెప్పకూడదు. ఇంట్లో మాత్రం ఒక ఓటు మీకు పడదు" అని, అత్తగారన్న మాటలు ఉన్నవి ఉన్నట్టు చెప్పింది.

అతను బూటు పక్కన పెట్టేశాడు. "మరి నీది?"

ఊరందరినీ అడిగి అడిగి అరగదీసిన ప్రశ్న. ఆమెను అడిగినవాళ్ళు మాత్రం ఇంతవరకూ లేరు. ఆఫీసు గొంతు కోసం వెతుక్కుంది, దొరకలేదు.

"నాదీ పడదు" అంది ఇంటి గొంతుతోనే. "మిమ్మల్ని ఏడిపిస్తారు. నేను చూడలేను."

"ఇన్నాళ్ళూ ఒక్కళ్ళూ అనలేదేం?"

"మీరు అడిగితేగా."

అతను పక్కకు జరిగి మెట్టు మీద ఆమెకు చోటిచ్చాడు. తర్వాత లోపలికి తిరిగి, "అమ్మా, నువ్వూ రా" అని పిలిచాడు. "ఇప్పుడు అడుగుతున్నా. చెప్పండి."